తెలుగు పేజీ కుదురుగా నిలవాలి: లిబ్రే ఆఫీస్ 26.2 మీద నా ఆశలు

వర్డ్, ఎక్సెల్ చేసే పనులు ఉచితంగా చేసిపెట్టే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్. దాని తరువాతి పెద్ద వెర్షన్ 26.2, 2026 ఫిబ్రవరి ప్రాంతంలో రావలసి ఉంది. 2024 నుంచి వెర్షన్ సంఖ్యలోనే సంవత్సరం, నెల చెప్పేస్తున్నారు కాబట్టి ఎప్పుడు వస్తుందో వెతుక్కోనక్కరలేదు. ఏటా చలికాలం చివర ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తాయి. కొత్త ఐకాన్లు, కొత్త రంగులు, పక్కన కూర్చుని సలహాలిచ్చే కృత్రిమ మేధ నాకు అక్కరలేదు. మార్జిన్ నుంచి మార్జిన్ దాకా సర్దిన తెలుగు పేరా చూడగానే చేయి తిరిగిన కంపోజిటర్ పేర్చినట్టు ఉండాలి. అందుకు ఇప్పుడున్న 25.8 ఎంతవరకు వచ్చింది, ఇంకెంత రావాలి అన్నదే ఈ సమీక్ష.

మాది హనుమకొండలో డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేస్తాం గాని మా పనిలో పెద్ద భాగం పుస్తకాలది. సొంత ఖర్చుతో కథల సంపుటి వేసుకునే రచయితలు వస్తారు. రిటైరయ్యాక తమ ఊరి చరిత్ర రాసే ఉపాధ్యాయులు వస్తారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు, చరిత్ర శాఖల పరిశోధక విద్యార్థులు సిద్ధాంత గ్రంథాలు తెస్తారు. అందుచేత నేను ఇందులో రాతపనికి ఉన్న రైటర్ గురించే ఎక్కువ మాట్లాడతాను. లెక్కల పట్టికలు చేసే కాల్క్‌తో నా పని బిల్లుల వరకే. 24.8లో ఎక్స్‌లుకప్, ఫిల్టర్, సార్ట్ ఫంక్షన్లు వచ్చాక అందులో నాకు కొరత ఏమీ లేదు. స్లైడ్లు చేసే ఇంప్రెస్ తెరవను. పుస్తకం అట్ట కూడా ఇందులో చేయను, ఎందుకంటే ప్రెస్సుకు కావలసిన నాలుగు రంగుల విభజనకు ఇది తగిన సాధనం కాదు.

మా తరం డీటీపీ వాళ్లందరిలాగే నేనూ పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్ల మీద పని నేర్చుకున్నాను. చేతికి ఆపిల్ కీబోర్డు లేఅవుట్ అలవాటు. అను అక్షరాల అందాన్ని నేను ఈ రోజుకీ మెచ్చుకుంటాను. కానీ ఆ ఫైళ్లలో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగారు, అంతే. అందులో ఒక మాట వెతకలేం, పేర్లను అకారాది క్రమంలో పెట్టలేం, పుస్తకం చివర పదసూచి తయారు చేయించలేం. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 దగ్గరే ఆగిపోయింది. ఆ రోజుల్లో కంపోజ్ చేసిన పుస్తకానికి రెండో ముద్రణ అడిగితే, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌కు మార్చాలి, మార్చాక ప్రతి పేజీకీ మళ్లీ ప్రూఫ్ చూడాలి. మారిన పాఠంలో ఒక వత్తు చోటు తప్పినా అర్థం తారుమారవుతుంది.

లిబ్రే ఆఫీస్‌కు నేను విలువ ఇవ్వడానికి మొదటి కారణం ఇదే. దీని మూలం 1985 నాటి స్టార్‌రైటర్. జర్మనీ కంపెనీ స్టార్‌డివిజన్ చేసినది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది, 2000లో కోడ్‌ను బహిరంగం చేసింది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్లాక, అదే ఏడాది సెప్టెంబర్ 28న వాలంటీర్లు డాక్యుమెంట్ ఫౌండేషన్ అని విడిగా పెట్టుకుని పని కొనసాగించారు. యజమానులు ఇన్నిసార్లు మారినా పాత ఫైళ్లు తెరుచుకుంటూనే ఉన్నాయి. దీని ఫైళ్ల పద్ధతి ఓడీఎఫ్ 2006 నుంచి ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణం. రైటర్ దాచే ఓడీటీ ఫైలు లోపల ఉన్నది జిప్ చేసిన మామూలు పాఠమే. రేపు ఏ కంపెనీ మూతపడినా ఆ తెలుగును బయటికి తీయవచ్చు. ఊరి చరిత్ర రాసిన పెద్దాయనకు ఆ భరోసా ఇవ్వగలగడం నాకు చాలా పెద్ద విషయం.

తెలుగు విషయానికొస్తే అసలు మలుపు 2017లో వచ్చిన 5.3. అంతకు ముందు అక్షరాలను పేర్చే పని విండోస్‌లో ఒక ఇంజన్, మ్యాక్‌లో ఒకటి, లినక్స్‌లో ఇంకొకటి చేసేవి. 5.3 నుంచి అన్నిటికీ హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ ఒక్కటే. ఒకే ఫాంటు, ఒకే వెర్షన్ ఉంటే మా సెంటర్‌లో పేర్చిన పేజీ రచయిత ఇంట్లోనూ అలాగే ఉంటుందన్న ధీమాకు పునాది అక్కడ పడింది. సంయుక్తాక్షరాలు, వత్తులు ఇప్పుడు నాకు చింత కాదు. 'క్ష్మి', 'ర్ధ్వ', 'స్త్ర్య' వంటివి మంచి ఫాంటులో చక్కగా కూర్చుంటాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లలో మండలి మా పుస్తకాల లోపలి పేజీలకు బాగా కుదిరింది. శీర్షికలకు రామభద్ర వాడతాను.

సిద్ధాంత గ్రంథాల పనిలో రైటర్‌ను మించినది నేను చూడలేదు. పేరా స్టైల్ (ఫాంటు, సైజు, ఎడం అన్నీ ఒక పేరు కింద పెట్టుకునే అమరిక) ఒకసారి సరిగ్గా కట్టుకుంటే వందల పేజీల గ్రంథం మన చెప్పుచేతల్లో ఉంటుంది. 7.6లో వచ్చిన స్పాట్‌లైట్ అనే వసతి నా దృష్టిలో బంగారం. అది నొక్కితే ఏ పేరాకు ఏ స్టైల్ ఉందో పక్కన రంగుతో, అంకెతో కనిపిస్తుంది. స్టైల్‌ను కాదని చేత్తో సైజు మార్చిన చోట్లు కూడా బయటపడతాయి. విద్యార్థులు రకరకాల చోట్ల టైప్ చేయించి, ముక్కలు అతికించి తెచ్చే ఫైలును శుభ్రం చేయడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. విషయసూచిక, ఫుట్‌నోట్లు, పట్టికల జాబితా, తెలుగు అకారాది క్రమంలో పదసూచి, ఇవన్నీ దానంతట అదే కట్టిపెడుతుంది.

ఇంకొక వసతి గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. పేజీ స్టైల్‌లో పేజీ లైన్ స్పేసింగ్ అనే ఎంపిక ఉంది. అది పెడితే కాగితానికి ఇటువైపు పంక్తి, అటువైపు పంక్తి ఒకదాని వెనుక ఒకటి సరిగ్గా పడతాయి. మన దగ్గర చాలా పుస్తకాలు పలచని కాగితం మీద అచ్చవుతాయి. వెనుక పేజీ అక్షరాలు పంక్తుల మధ్య నుంచి తొంగిచూస్తే చదివేవాళ్ల కళ్లు అలసిపోతాయి. డెమ్మీ సైజులో (మామూలు కథల పుస్తకం కొలత) పుస్తకం వేసేవాళ్లందరూ ఈ ఎంపిక వెతికి పెట్టుకోవాలని నా మనవి.

ఇప్పుడు ఆశల సంగతి. మొదటిది పంక్తి చివర పదం విరుపు.

తెలుగు పదాలు పొడుగు. 'నిర్వహించుకోవలసివచ్చినప్పటికీ' లాంటి మాట డెమ్మీ సైజు పేజీలో దాదాపు సగం పంక్తి తినేస్తుంది. అది పట్టక కింది పంక్తికి దిగితే, పైన మిగిలిన నాలుగు పదాలూ మార్జిన్లకు అతుక్కోవడానికి దూరదూరంగా జరుగుతాయి. పేజీ నిండా తెల్లటి కంతలు కనిపిస్తాయి. సీసపు అచ్చుల కాలంలో కంపోజిటర్ పదాన్ని అక్షరం దగ్గర తుంచి కింది పంక్తిలో అందుకునేవాడు. కొన్ని పుస్తకాల్లో హైఫన్ ఉండేది, కొన్నింటిలో అదీ ఉండేది కాదు. పాఠకులు ఇబ్బంది పడకుండా చదువుకున్నారు.

లిబ్రే ఆఫీస్‌లో తెలుగు పదాల విరుపు నియమాలు ఉన్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన 25.8లో విరుపునూ, పదాల మధ్య ఎడాన్నీ కలిపి బాగా సంస్కరించారు. పేజీ చివర పదం సగంలో తెగకుండా ఆపే ఏర్పాట్లు కూడా ఇటీవలి వెర్షన్లలో వచ్చాయి. దీనికి నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞురాలిని, పేజీలో తేడా కంటికి కనిపిస్తోంది. 26.2లో ఈ పని తెలుగు లెక్క ప్రకారం సాగాలని కోరుకుంటున్నాను. పంక్తి చివర కనీసం ఎన్ని అక్షరాలు ఉండాలి, కింది పంక్తిలో కనీసం ఎన్ని దిగాలి అని అడిగే చోట, మనం అక్షరం అనుకునేదాన్నే అదీ అక్షరంగా లెక్కించాలి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో చూస్తే ఆరు సంకేతాలు. ఇంగ్లీషులో రెండు అక్షరాలు అన్నది ఒక కొలత, తెలుగులో రెండు అక్షరాలు అన్నది వేరే కొలత. 'మాత్రమే' అన్న పదంలో 'మే' ఒక్కటే కింది పంక్తిలో మిగిలిపోవడం ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. హైఫన్ గుర్తు వద్దనుకునే ప్రచురణకర్తకు గుర్తు లేకుండా విరిచే ఎంపిక కూడా స్టైల్‌లోనే ఉంటే పాత పుస్తకాల పునర్ముద్రణలు మూలం లాగే చేయగలం.

రెండో ఆశ ఫాంట్ల జంట గురించి. లిబ్రే ఆఫీస్ ప్రతి స్టైల్‌కూ మూడు ఫాంట్లు గుర్తుంచుకుంటుంది. ఒకటి ఇంగ్లీషు వంటి పాశ్చాత్య లిపులకు, ఒకటి చైనీస్, జపనీస్, కొరియన్‌లకు, మూడోది అరబిక్, థాయ్, భారతీయ లిపులకు. ఈ ఆలోచన మంచిదే. తెలుగును మండలి ఫాంటులో, ఇంగ్లీషును మరో ఫాంటులో, వేరే సైజులో పెట్టుకోవచ్చు. చిక్కు అంకెల దగ్గర, విరామ చిహ్నాల దగ్గర వస్తుంది. అవి ఏ లిపికీ చెందవు కాబట్టి పక్కనున్న అక్షరాన్ని బట్టి ఫాంటు తీసుకుంటాయి. ఉపయుక్త గ్రంథ సూచి ఊహించుకోండి. తెలుగు పుస్తకం పేరు పక్కన 1968 ఒక ఆకారంలో ఉంటుంది, కింది పంక్తిలో ఇంగ్లీషు పుస్తకం పక్కన 1968 ఇంకో ఆకారంలో ఉంటుంది. పరీక్షకుడి కన్ను పడేది సరిగ్గా అక్కడే. నేను చేసే ఉపాయం, లాటిన్ అక్షరాలు కూడా ఉన్న తెలుగు ఫాంటును రెండు గళ్లలోనూ పెట్టడం. అంకెలన్నీ ఒకటే అవుతాయి, కానీ ఇంగ్లీషుకు నచ్చిన ఫాంటు వదులుకోవాలి.

26.2లో గాని ఆ తరువాత గాని స్టైల్ కిటికీలో 'అంకెలకు ఎప్పుడూ ఈ ఫాంటే' అని చెప్పే ఒక గడి ఇస్తే తెలుగుకే కాదు, హిందీ, తమిళం, బెంగాలీ అందరికీ మేలు. సైజు మార్చేటప్పుడు రెండు లిపుల సైజులూ ఒకే నిష్పత్తిలో మారే తాళం ఒకటి కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు బొత్తిగా తికమకపడేది ఇక్కడే. మా సెంటర్‌కు పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి పాఠం ఇదే చెబుతాను. ఆప్షన్లలో భాషల పేజీకి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో తెలుగు ఎంచుకున్నాకనే మరో మీట నొక్కాలి.

మూడోది అక్షరదోషాల తనిఖీ. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకన్నా తెలుగువాళ్ల మీద ఎక్కువ ఆధారపడిన పని.

లిబ్రే ఆఫీస్ వాడే తనిఖీ ఇంజన్ పేరు హన్‌స్పెల్. హంగేరియన్ భాష కోసం నేమెత్ లాస్లో మొదలుపెట్టినది. హంగేరియన్ కూడా మన భాషలాగే ప్రత్యయాల మీద ప్రత్యయాలు చేర్చుకుంటూ పోతుంది. అందుకే ఒక పదానికి రెండు పొరల ప్రత్యయాలను విడదీసి మూలాన్ని పట్టుకునే శక్తి ఈ ఇంజన్‌కు పుట్టుకతోనే ఉంది. అంటే యంత్రం తెలుగుకు సరిపోయినదే. లేనిది మన వైపు నుంచి నియమాల పట్టిక. 'ఇల్లు' అన్న పదం చాలదు. ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి, ఇంటిదాకా, ఇళ్లు, ఇళ్లల్లో, ఇళ్లకు, ఇవన్నీ ఆ ఒక్క మూలం నుంచి నియమాలతో పుట్టాలి. ఇప్పుడు విభక్తి చేరినా సంధి కలిసినా ఎర్రగీత పడుతుంది. పేజీ అంతా ఎర్రగా ఉంటే నిజమైన తప్పు ఆ ఎరుపులో కలిసిపోతుంది. అందుకే నేను తనిఖీని ఆపేసి, కాగితం మీద ప్రూఫ్ చూసి పంపిస్తాను.

2018లో వచ్చిన 6.0లో ఒక చక్కని వసతి ఇచ్చారు. సొంత నిఘంటువులో కొత్త పదం చేర్చేటప్పుడు 'ఇది ఫలానా పదంలాగా నడుస్తుంది' అని చెప్పవచ్చు. ఆ ఫలానా పదానికి ఉన్న ప్రత్యయాలన్నీ దీనికీ వర్తిస్తాయి. తెలుగు నిఘంటువులో నియమాలు బలంగా ఉంటే దీని ఫలితం ఊహించండి. ఒక ఊరి పేరు చేర్చి 'వరంగల్ లాగా' అంటే ఆ ఊరిలో, ఆ ఊరికి, ఆ ఊరినుంచి అన్నీ ఒక్క దెబ్బతో సరైపోతాయి. ఊరి చరిత్రల పుస్తకాలు కంపోజ్ చేసేవాళ్లకు ఇది ఎంత ఊరటో చెప్పలేను. మన విశ్వవిద్యాలయాల్లో భాషాశాస్త్ర విభాగాలు ఉన్నాయి, తెలుగు పద నిర్మాణం మీద పరిశోధన చేసినవాళ్లు ఉన్నారు, హైదరాబాద్‌లో స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ ఉంది. ఒక్క నామవాచకాల విభక్తి పట్టిక శ్రద్ధగా కట్టి పంపినా ఎర్రగీతలు ఎంతో తగ్గుతాయి. మెనూల తెలుగు అనువాదం కూడా వెబ్‌లేట్ అనే చోట ఎవరైనా సూచించగల పద్ధతిలోనే నడుస్తోంది. జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం తన కార్యాలయాల్లోని 30,000 కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించింది. కేరళ తన బడులలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో పాఠాలు చెబుతోంది. వాడే ప్రభుత్వాలు, అడిగే జనం ఉన్న భాషలకు మరమ్మతులు త్వరగా జరుగుతాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ వైపు చూడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

వర్డ్ వాడే డాక్స్ ఫైళ్ల రాకపోకల గురించి కొంచెం చెబుతాను. పరిశోధక విద్యార్థుల గైడుల దగ్గర వర్డ్ ఉంటుంది, వ్యాఖ్యలు, దిద్దుబాట్లు అందులోనే చేసి పంపిస్తారు. ఫుట్‌నోట్లు, వ్యాఖ్యలు, దిద్దుబాటు గుర్తులు రెండు వైపులా క్షేమంగా తిరుగుతున్నాయి. పేజీ సంఖ్యలు మాత్రం అటూ ఇటూ జరుగుతాయి, దానికి ఎక్కువసార్లు కారణం ఫాంటు అవతల లేకపోవడం. ఫైలు లక్షణాల్లో ఫాంటును పొదిగే ఎంపిక ఉంది, వాడండి. ఫైలు బరువెక్కుతుంది, ఫరవాలేదు. ఇటీవల ఊరి చరిత్ర రాస్తున్న మాస్టారు ఒకరు అడిగారు:

"కొత్త వెర్షన్ వేస్తే నా ఫుట్‌నోట్లు ఎక్కడికీ పోవు కదా అమ్మా?"

"పోవు మాస్టారూ. మీ ఫైలును పీడీఎఫ్‌గా కూడా ఇస్తున్నాను, దాని లోపలే అసలు ఓడీటీ దాచి ఉంటుంది. అచ్చుకు అదే పనికొస్తుంది, మళ్లీ దిద్దడానికీ అదే పనికొస్తుంది."

ఆ హైబ్రిడ్ పీడీఎఫ్ ఎంపిక ఎగుమతి కిటికీలో మొదటి పేజీలోనే ఉంటుంది. రచయితలకు చివరి ప్రతి ఇచ్చేటప్పుడు నేను ఎప్పుడూ ఇదే ఇస్తాను.

పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 25.8 నుంచి విండోస్ 7, 8, 8.1 మీద లిబ్రే ఆఫీస్ పనిచేయదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన చిన్న ఊళ్ల జెరాక్స్ సెంటర్లలో, పంచాయతీ ఆఫీసుల పక్కన దరఖాస్తులు టైప్ చేసే చోట్ల ఇలాంటి యంత్రాలే ఎక్కువ. వాటిని పారేయనక్కరలేదు. లినక్స్ వేసుకుంటే కొత్త లిబ్రే ఆఫీస్ హాయిగా నడుస్తుంది, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా దానితోనే వస్తుంది. ఆపిల్ లేఅవుట్ అలవాటైన చేతికి కొంతకాలం కష్టంగా ఉంటుందని నాకు తెలుసు.

టైప్ చేసేవాళ్లకు చిన్న చిట్కా కూడా ఇక్కడే చెప్పేస్తాను. 'సాఫ్ట్‌వేర్', 'ఫేస్‌బుక్' వంటి మాటల్లో పొల్లు తరువాతి అక్షరం వత్తుగా మారిపోకుండా ఉండాలంటే మధ్యలో కనిపించని ఒక గుర్తు కావాలి. రైటర్‌లో పొల్లు తరువాత 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే ఆ గుర్తు పడుతుంది. తెలుగు ఎంచుకున్న చోట దీనికి ఒక నేరు మీట ఇస్తే బాగుంటుంది. ఈ మాట లిబ్రే ఆఫీస్ లోపాలు, కోరికలు నమోదు చేసే బగ్‌జిల్లాలో రాసి పెడతాను.

25.8ను ఎవరికి సిఫారసు చేస్తాను అంటే, తెలుగులో పొడుగైన పని చేసే ప్రతివారికీ చేస్తాను. పరిశోధకులు, సంపాదకులు, చిన్న ప్రచురణకర్తలు డబ్బు పెట్టి కొనవలసిన పని లేదు, ఖాతా తెరవనక్కరలేదు, రాసినది మీ యంత్రం దాటి ఎక్కడికీ వెళ్లదు. పెళ్లి పత్రికలు, రంగుల కరపత్రాలు మాత్రమే చేసేవాళ్లకు ఇది అవసరం లేదు.

26.2 విషయంలో మా సెంటర్ ఏర్పాటు ఇది. విడుదలకు ముందు వచ్చే పరీక్షా వెర్షన్‌ను జనవరిలో ఒక పాత లాప్‌టాప్ మీద వేస్తాను. పూర్తయిన ఒక సిద్ధాంత గ్రంథాన్ని, ఒక కథల సంపుటిని అందులో తెరుస్తాను. పేజీల సంఖ్య మారిందా, పంక్తి చివర ఒంటరి అక్షరాలు దిగుతున్నాయా, గ్రంథ సూచిలో అంకెలు ఏ ఆకారంలో ఉన్నాయి, పదసూచి క్రమం సరిగా ఉందా, డాక్స్‌గా మార్చి తెస్తే ఫుట్‌నోట్లు అలాగే ఉన్నాయా అని చూస్తాను. తేడా కనిపిస్తే నమూనా పేజీతో సహా బగ్‌జిల్లాలో నమోదు చేస్తాను. మిగతా యంత్రాల మీద 25.8 అలాగే ఉంటుంది. చేతిలో ఉన్న గ్రంథాలు విద్యార్థులకు అప్పగించాక, 26.2కు రెండు మూడు మరమ్మతు విడుదలలు వచ్చాక మారుస్తాం.